శ్రీహరికోటలో గడియారం ఆగిన రాత్రి

మా మనవరాలికి అప్పుడు ఏడేళ్లు. చంద్రుడి మీదికి రాకెట్టు పోతున్నదని బళ్లో చెప్పారట. ఇంటికి వచ్చీ రాగానే సంచి అవతల పారేసి, "తాతా, అది మన పక్కనుంచే పోతుందట గదా, మనం వెళ్లకపోతే ఎట్లా?" అని నా ముందు కూర్చుంది. దాని మాటకు ఎదురు చెప్పగల మనిషి మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

2019 జులై 14వ తేదీ ఆదివారం సాయంకాలం బయలుదేరాము. మా ఊరు వాకాడు వైపు. నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరి, అక్కడినుంచి పులికాట్ సరస్సు నడిమధ్యగా వేసిన రోడ్డు మీద శ్రీహరికోటకు పోవాలి. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, ఒక డబ్బాడు మురుకులు సర్దింది. చూసినవాళ్లు మేమేదో పెళ్లికి పోతున్నామనుకొని ఉంటారు.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి దగ్గర ఆగాము. రాత్రింబగళ్లు తలుపులు మూయని గుడి అది. రాకెట్టు వదిలే ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి అమ్మవారికి దండం పెట్టుకొని పోవడం అక్కడ రివాజు. "లెక్కలన్నీ సరిగ్గా వేసుకొన్నవాళ్లకు మళ్లీ ఈ మొక్కులెందుకండీ?" అంది మా ఆవిడ. నేను ముప్ఫై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న పంతుల్ని. పరీక్షకు ముందు కొబ్బరికాయ కొట్టని ఫస్టు ర్యాంకు పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ మాటే చెప్పాను.

అర్ధరాత్రికల్లా, జనం చూడడానికి కొత్తగా కట్టిన గ్యాలరీలో కూర్చున్నాము. వేలమంది వచ్చారు. చంకన పిల్లలతో తల్లులు, వరస కట్టిన కాలేజీ కుర్రాళ్లు, చేతికర్రలతో ముసలివాళ్లు. ఎదురుగా పెద్ద తెరమీద గడియారం వెనక్కు నడుస్తున్నది. తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్-2 బయలుదేరాలి. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు కూడా చూడడానికి వచ్చి ఉన్నారు. మనవరాలు నా ఒళ్లో నిద్రపోయింది.

రెండు కావడానికి ఇంకా అయిదు నిమిషాలున్నదనగా తెరమీద గడియారం ఆగిపోయింది. 56 నిమిషాల 24 సెకండ్లు. తెర చెడిపోయిందేమో అనుకొన్నాము. పది నిమిషాలు గడిచాయి, పదిహేను గడిచాయి. అంకె కదలలేదు. చివరికి రాకెట్టులో సాంకేతిక లోపం కనిపించిందనీ, ఆనాటికి ప్రయోగం ఆపివేశామనీ ప్రకటన వచ్చింది. ఆ గోలకు పిల్ల లేచి కూర్చుంది. సంగతి తెలుసుకొని ఏడవలేదుగాని, "ఎవరు ఆపారు తాతా?" అని అడిగింది.

"కంట్రోలు రూములోవాళ్లమ్మా."

"వాళ్లకు ఆపే హక్కు ఎవరిచ్చారు?"

ఆ ప్రశ్నకు అక్కడికక్కడ నా దగ్గర సమాధానం లేదు. తెల్లవారుజామున మూడున్నరకు సూళ్లూరుపేట బస్టాండు దగ్గర టీ తాగుతుంటే అంగడాయన, "ఏంది సారూ, పోలేదంటనే?" అన్నాడు. ఆపేశారని చెప్పాను. "ఆపితే ఆపినారు గానీ, నేను రెండు క్యాన్ల పాలు ఎక్కువ తెప్పించినా గదా" అని వాపోయాడు.

ఆ తరువాత సెలవులన్నీ ఈ కంట్రోలు గదుల చరిత్ర చదవడంతోనే సరిపోయింది. చదివేకొద్దీ నాకు నా చిన్నతనం గుర్తుకు వచ్చింది.

అది 1979 ఆగస్టు 10. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. అప్పటికి షార్ కేంద్రం వచ్చి కొన్నేళ్లయింది. 1969లో ఆ దీవిని ఎంపిక చేశారు. ఎందుకంటారా? తూర్పున అంతా సముద్రమే. పొరపాటున ఏదైనా పడ్డా ఊళ్లమీద పడదు. పైగా భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక, తూర్పుగా వదిలిన రాకెట్టుకు ఆ వేగం కొంత ఉత్తపుణ్యానికి కలిసివస్తుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు అక్కడినుంచి మొదటగా లేచింది. అంతకు ముందు ఆ దీవి అంటే మా పెద్దవాళ్లకు సర్వీ తోపులు, మదరాసుకు పడవల మీద పోయే వంటచెరకు, అడవిలో బతికే యానాదులు. కేంద్రం వచ్చాక ఆ యానాదుల్లో చాలామంది తరతరాల చోటు వదిలి బయటికి రావలసి వచ్చింది. రాకెట్ల చరిత్ర రాసేవాళ్లు వాళ్లను ఒక్క వాక్యంలో దాటవేస్తారు. నేనూ ఇప్పుడు అదే పని చేస్తున్నాను, కాని దాటవేస్తున్నానని తెలిసే చేస్తున్నాను.

ఆ రోజు ఉదయం ఎనిమిదికి రెండు నిమిషాల ముందు ఎస్.ఎల్.వి.-3 లేచింది. మా ఊరి ఇసుకదిబ్బ ఎక్కి చూశాము. సర్వీ చెట్ల తలలమీదుగా తెల్లటి గీత ఒకటి సన్నగా పైకి పోయింది. చప్పట్లు కొట్టాము. ఒకడు లాగు జారిపోయేటట్టు ఎగిరాడు. సాయంత్రం రేడియోలో అది బంగాళాఖాతంలో పడిందని చెప్పారు. మా నాన్న రేడియో కట్టేసి, "సరేలే, సముద్రానికేమి కొత్త!" అన్నాడు.

ఆనాడు కంట్రోలు గదిలో ఏమి జరిగిందో కలాం గారు తరువాత ఎన్నో సభల్లో తన నోటనే చెప్పారు. ఆ ప్రయోగానికి ఆయనే డైరెక్టరు. లెక్కింపు ఆఖరి ఘట్టంలో ఉండగా కంప్యూటరు, ముందుకు పోవద్దు అని తెరమీద చూపి ఆగిపోయింది. రెండవ అంచె నియంత్రణ వ్యవస్థలో ఎక్కడో కారుతున్నది. వెనుక ఉన్న నిపుణులు లెక్కలు చూసి, ట్యాంకులో సరిపడా నిల్వ ఉంది, పరవాలేదు అన్నారు. కలాం గారు కంప్యూటరు మాట పక్కన పెట్టి ముందుకు పొమ్మన్నారు. మొదటి అంచె బాగానే పనిచేసింది. రెండవ అంచెలో రాకెట్టు అదుపు తప్పింది. నిల్వ ఉందనుకొన్న నైట్రికామ్లం తెరుచుకొని ఉండిపోయిన ఒక కవాటంలోనుంచి ముందే కారిపోయింది. బయలుదేరిన 317 సెకండ్లకు, అంటే అయిదు నిమిషాల చిల్లరలో, పదేళ్ల కష్టం సముద్రంలో కలిసింది.

ఆ రోజు పత్రికలవాళ్ల ముందుకు పోయి నిలబడినవారు అప్పటి ఇస్రో అధ్యక్షులు సతీష్ ధవన్ గారు. తప్పు తనదేనన్నట్టు ఆయనే మాటలు పడ్డారు. మరుసటి ఏడు 1980 జులై 18న, ఉదయం 8 గంటల 3 నిమిషాలకు, అదే రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు మాత్రం పత్రికలవాళ్లతో నీవే మాట్లాడమని ధవన్ గారు కలాం గారిని పంపారు. 2002లో శ్రీహరికోట కేంద్రానికి ధవన్ గారి పేరు పెట్టారు. ఈ కథ మీరు వినే ఉంటారు. అయితే దీనిని ఎప్పుడూ మంచి నాయకుడి కథగా చెబుతారుగాని, ఆ కంప్యూటరు ఆగు అన్నదన్న సంగతిని నీతికి తాలింపులాగానే వాడుతారు. నాకు మాత్రం అదే అసలు కథ అనిపించింది.

ఎందుకంటే ఈ గదులు పుట్టిన దేశంలో కూడా మొదటి పాఠం ఇదే. అమెరికాలో అంతరిక్ష ప్రయాణాలను నేలమీదినుంచి నడిపే పద్ధతి ఏర్పరచినవాడు క్రిస్టఫర్ క్రాఫ్ట్ అనే ఇంజనీరు. మొదట్లో ఆ గది ఫ్లోరిడా సముద్రతీరంలో, కేప్ కెనావరల్‌లో ఉండేది. 1960 నవంబరు 21న మనిషి లేని మెర్క్యురీ నౌకను పరీక్షకు వదిలారు. ఇంజను రాజుకొన్నది, రాకెట్టు నాలుగు అంగుళాలు లేచింది, ఇంజను ఆరిపోయింది, లేచింది లేచినట్టే మళ్లీ పీటమీద కూర్చుంది! ప్రమాదం వస్తే నౌకను లాగివేయడానికి పైన పెట్టిన చిన్న రాకెట్టు మాత్రం తానొక్కటే ఎగిరిపోయింది. వెంటనే నౌకలోనుంచి పారాచూటు బయటపడి, మేడమీద ఆరవేసిన చీరలాగా రాకెట్టు పక్కన వేలాడింది.

నవ్వుకొనే సంగతి కాదు. రాకెట్టు నిండా ఇంధనం ఉంది. నేలతో దానికున్న తీగల సంబంధం తెగిపోయింది. గాలి వీచి పారాచూటు నిండితే రాకెట్టు పక్కకు పడి పేలిపోవచ్చు. గదిలో తలకొక సలహా చెప్పారు. తుపాకితో ట్యాంకుకు చిల్లులు పొడిచి ఇంధనం కార్చేద్దామని కూడా ఒకరన్నారట. క్రాఫ్ట్ వద్దన్నాడు. ఏమి చేయాలో తెలియనప్పుడు ఏమీ చేయకుండా ఉండడమే కంట్రోలు గదికి మొదటి సూత్రమని అప్పుడే ఆయన తనవాళ్లకు నేర్పాడు. మరునాటికి బ్యాటరీలు అయిపోయాక పోయి దానిని దింపుకొన్నారు.

1965 జూన్‌లో జెమిని-4 ప్రయాణంతో ఆ అధికారం టెక్సాసులోని హ్యూస్టన్‌కు మారింది. అప్పటినుంచి రాకెట్టు లేచేదాకా కెనావరల్‌ది, లేచాక హ్యూస్టన్‌ది పెత్తనం. ఒకరు పురుడు పోసేవారు, ఒకరు పెంచేవారు. రష్యావాళ్లది వేరే తీరు. వాళ్లు క్రిమియాలోని ఎవ్పటోరియానుంచి చాలాకాలం నడిపి, తరువాత మాస్కో దగ్గరికి మార్చారు. వాళ్ల గదులు చాలాకాలం లోకానికి కనిపించలేదు. హ్యూస్టన్ గది మాత్రం సినిమాలకెక్కింది.

ఆగు అన్నా ఆగకుండా పోయి గెలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. 1969 జులై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీదికి దిగుతుండగా నౌకలోని కంప్యూటరు 1202 అనే ప్రమాద సంకేతం ఇచ్చింది. హ్యూస్టన్‌లో ఆ బల్ల దగ్గర ఉన్న స్టీవ్ బేల్స్‌కు అప్పుడు 26 ఏళ్లు. కొన్ని సెకండ్లలో దిగవచ్చు అన్నాడు. ధైర్యం కాదది. కొద్దివారాల కిందట ఉత్తుత్తి రిహార్సలులో ఇట్లాంటి సంకేతమే వస్తే, అక్కరలేకపోయినా అతడు ప్రయాణం ఆపేయించాడు. మందలింపు తగిలింది. ఆ తరువాత జాక్ గార్మన్ అనే మరొక కుర్రవాడు అట్లాంటి సంకేతాలన్నిటికీ, ఏది వస్తే ఆగాలి, ఏది వస్తే సాగాలి అని ఒక కాగితం రాసి దగ్గర పెట్టుకొన్నాడు. అసలునాడు ఆ కాగితం పనికి వచ్చింది. మన 1979 గదిలో అట్లాంటి కాగితం లేదు, ఆశ ఉంది. ఎవరినీ తప్పు పట్టడానికి అనడం లేదు. అది మనకు మొదటి పరీక్ష, పాతప్రశ్నల పుస్తకం లేని పరీక్ష.

మన దగ్గర కూడా పని రెండు గదులకు పంచారు. రాకెట్టు వదిలి, ఉపగ్రహాన్ని విడదీసేదాకా శ్రీహరికోట. ఆ తరువాత ఉపగ్రహం మంచిచెడ్డలు చూసేది బెంగుళూరులోని ఇస్ట్రాక్ కేంద్రం. బెంగుళూరు గది పుట్టుక మరీ తమాషా. 1975 ఏప్రిల్ 19న మన ఆర్యభట్ట రష్యా రాకెట్టు మీద వెళ్లింది. దాని సంకేతాలను శ్రీహరికోటలో అందుకొనేవారు. బెంగుళూరులో చోటు చాలక ఒక మరుగుదొడ్డిని సమాచారం అందుకొనే గదిగా మార్చుకొన్నారు. ఇప్పుడు బెంగుళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల వెడల్పు యాంటెన్నా ఉంది. 2014 సెప్టెంబరు 24న మంగళయానం అంగారకుడి కక్ష్యలో పడేనాటికి, అక్కడినుంచి సంకేతం మనకు చేరడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. మనం ఆగు అన్నా వినబడేది మరో పన్నెండు నిమిషాలకు. అందుకని చేయవలసినవన్నీ ముందే నౌకకు నేర్పి, గదిలోవాళ్లు చేతులు కట్టుకొని కూర్చున్నారు.

శ్రీహరికోటవారికి అట్లా కూర్చొనే వీలు లేదు. 2012 జనవరిలో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ గారు అక్కడ కొత్త మిషన్ కంట్రోలు కేంద్రాన్ని ప్రారంభించారు. ప్రయోగవేదికకు కొన్ని కిలోమీటర్ల దూరంలో, వరసలు వరసలుగా బల్లలు. ఒకరు ఇంధనం చూస్తారు, ఒకరు రాడార్లు, ఒకరు వాతావరణం. అందరూ సరేనంటేనే మిషన్ డైరెక్టరు అనుమతి ఇస్తారు. చివరి నిమిషాల్లో లెక్కింపు కంప్యూటరు చేతికి పోతుంది. అప్పుడిక మనిషికన్నా యంత్రానికే ముందుగా ఆపే హక్కు.

అది నేనొకసారి టీవీలో కళ్లారా చూశాను. 2001 మార్చి 28న మొదటి జి.ఎస్.ఎల్.వి. పక్కనున్న నాలుగు ఇంజన్లూ అంటుకొన్నాయి. మంట, పొగ. తీరా రాకెట్టు కదలలేదు. ఒక ఇంజను సరిగా ఒత్తిడి పుంజుకోలేదని కనిపెట్టి, లేవడానికి ఒక్క సెకండు ముందు కంప్యూటరు అన్నింటినీ ఆర్పివేసింది. మా స్టాఫురూములో ఒకాయన, "మనవాళ్లకు ఇది కూడా చేతకాలేదు" అని పెదవి విరిచాడు. ఇరవైఒక్క రోజుల తరువాత, ఏప్రిల్ 18న, అదే రాకెట్టు లేచింది. ఆయన ఆనాడు సెలవు పెట్టాడు.

ఇంతకన్నా కష్టమైన కుర్చీ ఇంకొకటుంది. రేంజి రక్షణాధికారిది. రాకెట్టు దారి తప్పి జనం మీదికి వచ్చే ప్రమాదం ఉంటే దానిని ఆకాశంలోనే పేల్చివేయడం ఆయన పని. అది ఎక్కడ పడవచ్చునో తెరమీద ఒక చుక్క కదులుతూ ఉంటుంది. ఆ చుక్క గీత దాటకూడదు. ధ్రువాలమీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణంగా వదిలేటప్పుడు శ్రీలంక అడ్డం వస్తుంది. అందుకని రాకెట్టు ముందు ఆగ్నేయంగా పోయి, తరువాత ఒళ్లు తిప్పి దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం దండగ. ఆ దండగ తప్పించడానికే తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర రెండవ కేంద్రానికి 2024లో పునాది వేశారు.

2010 డిసెంబరు 25, క్రిస్మస్ సాయంత్రం. నాలుగు గంటల నాలుగు నిమిషాలకు జి.ఎస్.ఎల్.వి. లేచింది. ముప్పావు నిమిషం తరువాత తీగల జోడింపులు ఊడి, ఇంజన్లకు ఆజ్ఞలు అందక అదుపు తప్పింది. 64వ సెకండులో ఆ అధికారి మీట నొక్కాడు. ఎన్ని వందలమంది ఎన్నేళ్ల పని! దానిని ముక్కలు చేయడానికి ఆయనకు దొరికిన వ్యవధి, నేను బళ్లో హాజరు పిలిచేటప్పుడు పది పేర్లు చదివేటంత. ముక్కలు సముద్రంలో పడ్డాయి. మా తీరంలో ఎవరికీ గీటు కూడా పడలేదు. ప్రయోగం ఉన్న రోజుల్లో వేటకు పోవద్దని మా బెస్తవాళ్లకు ముందే చెబుతారు. కూలి పోయిందని వాళ్లు గొణుక్కొంటారు, వాళ్ల బాధ వాళ్లది. ఆ సాయంత్రం మాత్రం ఒక ముసలాయన, "ఈ పొద్దు వలలు ఆరేసుకున్నదే మేలైంది" అన్నాడు.

ఇదంతా చదివి, మనవరాలికి దాని భాషలో చెప్పాను. ఆపే హక్కు ఒకరు ఇచ్చింది కాదమ్మా, 1979లో, 2001లో, 2010లో సముద్రానికి కట్టిన ఫీజు చెల్లించి కొనుక్కొన్నది అన్నాను. దానికి అర్థమైందో లేదో! "మరి చంద్రుడి దగ్గర ఎవరు ఆపుతారు?" అంది. అక్కడ ఆపేవాళ్లు లేరన్న సంగతి ఆ సెప్టెంబరు 7 తెల్లవారుజామున అందరమూ చూశాము. దిగే నౌక తన బుర్రతో తానే దిగుతూ, చంద్రుడికి 2.1 కిలోమీటర్ల ఎత్తునుండగా మాట ఆగిపోయింది. బెంగుళూరు గదిలో ఆనాటి మొహాలు ఇప్పటికీ కళ్లముందు ఆడుతాయి. 2023 ఆగస్టు 23న దాని తమ్ముడు క్షేమంగా దిగినప్పుడు మా వీధిలో మతాబులు కాల్చారు. అదే సంవత్సరం అక్టోబరు 21న, మనుషులను పంపే గగనయానానికి పరీక్షగా ఒక చిన్న రాకెట్టు వదలబోతే, లేవడానికి అయిదు సెకండ్లుండగా కంప్యూటరు ఆపింది. కారణం కనుక్కొని, సరిచేసి, పదిగంటలకు వదిలారు. అప్పటికి మా పిల్లకు పదకొండు నిండాయి. "ఆపారు గదా, ఇక భయం లేదు" అని టిఫిను తినడం మొదలుపెట్టింది.

మళ్లీ ఆ 2019 జులైకి వస్తాను. ఆగిన వారానికే, 22వ తేదీ సోమవారం మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు ముహూర్తం. బడి ఉంది, సెలవు దొరకలేదు. భోజనాల గంట తరువాత నేనే హెడ్మాస్టరుగారిని బతిమాలి, పిల్లలందరినీ మిద్దె ఎక్కించాను. మబ్బు పట్టి ఉంది. దక్షిణాన సర్వీ తోపు మీద నారింజ రంగు వెలుగు ఒకటి కనిపించి, నాలుగు గుక్కలు తిరిగేలోగా మబ్బులో దూరిపోయింది. పిల్లలు ఉసూరుమన్నారు. మా మనవరాలు మాత్రం వేళ్లు మడుచుకొంటూ ఏదో లెక్కపెడుతున్నది. మా బడికి ఆ వేదిక సుమారు ముప్ఫై కిలోమీటర్లు. చప్పుడు రావడానికి నిమిషంన్నర పడుతుందని నేనే అంతకు ముందురోజు చెప్పాను.

"ఎనభై ఆరు, ఎనభై ఏడు" అంటున్నది. కిటికీ రెక్కలు గడగడలాడాయి.